కాళ్ళు చూడండి

శ్రోతలకు నమస్కారం.

నలభై తొమ్మిదేళ్ళ వయసులో నేనొక పరీక్ష తప్పాను. డిగ్రీ అయిపోయాక మళ్ళీ పరీక్ష పేరెత్తని మనిషిని. అలాంటిది పోయిన నెల ఒక ఆదివారం ఉదయం తెల్ల దుస్తులు వేసుకుని, నడుముకు తెల్ల బెల్టు కట్టుకుని, నా భుజం ఎత్తు కూడా లేని పిల్లల వరుసలో నిలబడ్డాను. కరాటే బెల్టు పరీక్ష అది. అక్కడ అందరూ గ్రేడింగ్ అంటారు. నా పక్కనున్న ఎనిమిదేళ్ళ బాబుకు పసుపు బెల్టు వచ్చింది, నాకు రాలేదు. చెప్పులు వేసుకుంటూ ఉంటే వాడే దగ్గరకు వచ్చి, "ఏం ఫరవాలేదు ఆంటీ, మా అన్నయ్యకు కూడా మొదటిసారి రాలేదు" అని నన్ను ఓదార్చాడు.

ఎందుకు తప్పానో చెప్పాలంటే ముందు ఆ పరీక్షలో ఏముంటుందో చెప్పాలి.

మా మాస్టారు నేర్పేది షోటోకాన్ పద్ధతి. మొదటి గ్రేడింగులో మూడు భాగాలుంటాయి. గుద్దు, అడ్డు, తన్ను ఒక్కొక్కటిగా చేసి చూపించడం కిహోన్. ఎదుటి మనిషితో తలపడడం కుమితే. తలపడడం అంటే కంగారుపడకండి, ఈ మెట్టులో ఎవరు, ఎక్కడ, ఎన్నిసార్లు కొడతారో ముందే చెప్పి మరీ కొడతారు. ఈ రెండూ నాకు బాగానే వచ్చాయి. నన్ను ముంచింది మూడోది, కటా.

కటా అంటే కంటికి కనిపించని ప్రత్యర్థులతో ఒంటరిగా చేసే పోరాటం. మొదట నేర్పే కటా పేరు హెయాన్ షోడాన్. జపానులోని ఒకినావా ద్వీపంలో అంకో ఇతోసు అనే గురువు దాదాపు 120 ఏళ్ళ క్రితం బడిపిల్లల కోసం కూర్చిన కటాల వరుసలోది ఇది. పిల్లల కోసం చేసినదే కదా అని నేనూ ధీమాగానే ఉన్నాను. మొత్తం 21 కదలికలు. ఎడమకు తిరిగి కింది అడ్డు, అడుగు ముందుకు వేసి గుద్దు, వెనక్కి తిరిగి మళ్ళీ అడ్డు... అలా సాగుతుంది. మనం నడిచిన దారిని నేల మీద గీస్తే ఒక నిలువుగీత, దాని రెండు కొనల్లో రెండు అడ్డగీతలు వస్తాయి. అందులోని గమ్మత్తు ఏమిటంటే, ఎక్కడ మొదలుపెట్టామో చివరికి అక్కడికే వచ్చి ఆగాలి. మధ్యలో ఒక్క అడుగు పొట్టిదైనా, ఒక్క మలుపు వంకరపోయినా చివర్లో లెక్క తేలిపోతుంది.

పరీక్షకు వచ్చిన పెద్దాయన నా పాదాల దగ్గర సుద్దముక్కతో చిన్న గీత గీసి వెళ్ళి కూర్చున్నారు. నేను గట్టిగా కేక పెట్టాను, గుద్దులు బలంగా గుద్దాను. తొమ్మిదో కదలిక తరువాత ముప్పాతిక చుట్టు తిరిగే మలుపు ఒకటుంది. అక్కడ కొంచెం తూలాను కానీ ఎవరూ గమనించలేదనుకున్నాను. అన్నీ ముగించి నిలబడ్డాక ఆయన నా ముఖం చూడలేదు, చేతులూ చూడలేదు. వంగి నేల చూశారు. సుద్దగీత నాకు రెండడుగుల అవతల ఉంది. "చేతులు అబద్ధమాడతాయమ్మా. నేను కాళ్ళు చూస్తాను" అన్నారు.

బెల్టుల సంగతి కాస్త చెబుతాను. కరాటే పుట్టినప్పటి నుంచీ ఈ రంగులు ఉన్నాయని చాలామంది అనుకుంటారు. నిజానికి అవి జూడో నుంచి అరువు తెచ్చుకున్నవి. జూడోకు ఆద్యుడైన జిగొరో కానో 1883లో తన శిష్యులిద్దరికి మొదటి 'డాన్', అంటే పై స్థాయి మెట్టు, ఇచ్చారు. నల్ల బెల్టు ఆ తరువాత వచ్చింది. ఒకినావాలో బడిపంతులుగా పనిచేసిన గిచిన్ ఫునకోషి 1922లో టోక్యో వెళ్ళి కరాటేను ప్రదర్శించారు, 1924లో తన శిష్యుల్లో కొందరికి మొదటి నల్ల బెల్టులు కట్టారు. పసుపు, నారింజ, ఆకుపచ్చ లాంటి రంగులను 1930లలో పారిస్‌లో జూడో నేర్పిన మికినోసుకే కవాయిషి వ్యాప్తిలోకి తెచ్చారు. అంటే మా అమ్మాయి ప్రాణంలా చూసుకునే ఆకుపచ్చ బెల్టుకు వందేళ్ళ చరిత్ర కూడా లేదు. ఈ మాట ఇంట్లో అంటే ఒప్పుకోదు.

నల్ల బెల్టుకు ముందున్న మెట్లను 'క్యూ' అంటారు. చాలాచోట్ల పదితో మొదలై ఒకటి దాకా దిగుతాయి, అక్కడి నుంచి డాన్‌ల లెక్క మళ్ళీ ఒకటి నుంచి ఎక్కుతుంది. మొదటి డాన్‌ను షోడాన్ అంటారు. జపాను భాషలో ఆ మాటకు ఆరంభపు మెట్టు అని అర్థం. మనం మాత్రం నల్ల బెల్టు రాగానే పిల్లవాడికి దండ వేసి, ఫ్లెక్సీ కట్టి, అంతా అయిపోయిందంటాం.

ఇంకో నమ్మకం ఉంది. పూర్వం తెల్ల బెల్టును ఉతకకుండా ఏళ్ళ తరబడి కట్టగా కట్టగా మురికికి అదే నల్ల బెల్టు అయిందట. దీనికి ఆధారం లేదు. కానీ మా క్లాసు పిల్లలు దీన్ని పట్టుకుని బెల్టు ఉతకనివ్వరు, ఉతికితే విద్య పోతుందంటారు. తల్లులకు నా మనవి ఒక్కటే. ఉతకండి. వానాకాలంలో చెమటకు నానిన నూలు బెల్టును సంచిలో మూడు రోజులు ఉంచితే ఏం పోతుందో నాకు తెలియదు గానీ, ఇంట్లోకి వచ్చేది మాత్రం ముక్కు మూసుకునే వాసన.

తండ్రులకూ ఒక మాట. పిల్లలను చేర్చే ముందు గ్రేడింగుకు రుసుము ఎంత, ఎన్నాళ్ళకొకసారి పెడతారు, పరీక్షించేది ఎవరు అని అడగండి. కనీసం మూడు నెలల సాధన లేకుండా రంగు మారుతోందంటే ఆలోచించాల్సిందే. ఇక్కడ ఎవరైనా తప్పుతారా అని కూడా అడగండి. తప్పేవాళ్ళు ఉన్నారని చెప్పే చోట చేర్చడం మంచిదని, తప్పినదాన్నయినా నా అభిప్రాయం.

ఇక నొప్పులు. ఈ వయసులో కరాటే అనగానే అందరూ నన్ను అడిగేది వీటి గురించే.

మొదటి క్లాసు అయిన సాయంత్రం నాకేమీ అనిపించలేదు. మరునాడు తొడలు కొంచెం బరువెక్కాయి. ఆ మరునాడు మేడ మెట్లు దిగలేకపోయాను. ఎక్కగలిగాను, దిగలేకపోయాను! కొత్త కసరత్తు చేసిన ఒకటి నుంచి మూడు రోజుల లోపు ఈ నొప్పి ముదురుతుంది. బరువు మోస్తూనే కండరం సాగాల్సి వచ్చినప్పుడు అందులోని సన్నటి పోగులు కాస్త దెబ్బతింటాయి, అవి మానే క్రమంలో పుట్టే నొప్పి ఇది. మెట్లు దిగేటప్పుడు తొడ చేసే పని సరిగ్గా అదే, అందుకే దిగడమే కష్టం. లాక్టిక్ ఆమ్లం పేరుకుపోయిందని జిమ్ముల్లో చెబుతుంటారు. ఆ ఆమ్లం కసరత్తు ఆపిన గంటా గంటన్నరలోనే తగ్గిపోతుంది, మూడు రోజులు కూర్చోదు. ఇలాంటి నొప్పికి మంచం ఎక్కకండి. మెల్లగా నడవండి, వేణ్ణీళ్ళు పోసుకోండి. మా అమ్మ ఉప్పు మూట కట్టి కాపడం పెట్టింది, హాయిగానే ఉంది. నాలుగైదు రోజుల్లో అదే పోతుంది.

కీలులో ఒకచోట గుచ్చినట్టు వచ్చే నొప్పి వేరు. నాకు రెండో నెలలో కుడి మోకాలు అలా నొప్పెట్టింది. మాస్టారు నన్నొకసారి తిరగమని చూశారు. పాదం నేలకు అంటుకుపోయి ఉంది, ఒళ్ళు తిరుగుతోంది, మధ్యలో మోకాలు మెలిపడుతోంది. ముందు మడమ మీద పాదం తిప్పాలి, దాని వెంట మోకాలు, తరువాత నడుము తిరగాలి. మోకాలు ఎప్పుడూ కాలివేళ్ళు చూసే వైపే చూడాలి. వంటగదిలో గిన్నె అందుకోవడానికి గిరుక్కున తిరిగినా ఇదే సూత్రం. బెణికితే మొదటి ఒకటి రెండు రోజులు నూనె పెట్టి మర్దన చేయవద్దు, వేడి కాపడమూ వద్దు. మంచుముక్కలను గుడ్డలో చుట్టి పావుగంట పెట్టి తీయండి, కాలు ఎత్తు మీద ఉంచండి. వాపు పెరిగినా, కాలు మీద బరువు మోపలేకపోయినా, తిమ్మిరి ఎక్కినా వైద్యుడి దగ్గరకు వెళ్ళాలి. ఇక ఛాతీలో బరువుతో పాటు నొప్పి ఎడమ చేతికో దవడకో పాకి చెమటలు పడుతుంటే అది కరాటే నొప్పి కాదు. ఆలోచించకుండా 108కి ఫోను చేయండి.

మెడ, కుడి భుజం కూడా పట్టేసేవి. గుద్దుల వల్లే అనుకున్నాను. మాస్టారు "పగలంతా ఏం పని చేస్తారమ్మా?" అని అడిగారు. లెక్కలు రాసే ఉద్యోగం, రోజుకు ఎనిమిది గంటలు కంప్యూటర్ ముందు. "ఎలా కూర్చుంటారో కూర్చుని చూపించండి" అన్నారు. చూపించాను. ఆయన మళ్ళీ నా కాళ్ళే చూశారు. నేను పొట్టిదాన్ని, ఆఫీసు కుర్చీ ఎత్తు, మడమలు గాలిలో ఉంటాయి. కాలికి ఆధారం లేక నడుము ముందుకు జారుతుంది, వీపు గూనిపోతుంది, తల కొంగలా ముందుకు పొడుచుకొస్తుంది, ఆ బరువంతా మెడ మోస్తుంది. మరునాడు ఇంట్లో మూలనున్న పీట ఒకటి తీసుకెళ్ళి బల్ల కింద వేసుకున్నాను. ఆఫీసులో వాళ్ళు నవ్వారు. వారం తిరిగేసరికి పక్క సీటాయన కూడా ఒక పీట తెచ్చుకున్నారు. తెర పై అంచు కంటి ఎత్తుకు, మోచేతులు బల్ల ఎత్తుకు ఉంటే చాలు. ల్యాప్‌టాప్ అయితే కింద లావుపాటి పుస్తకాలు పెట్టి, వేరే కీబోర్డు తగిలించుకోండి. ఇరవై నిమిషాలకొకసారి ఇరవై సెకన్లు కిటికీలోంచి దూరంగా ఉన్న చెట్టును చూడండి, కళ్ళ మంట తగ్గుతుంది.

కంప్యూటర్ పని తెలిసిన ఆడమనిషి కరాటే క్లాసులో దొరికేసరికి మిగతా తల్లిదండ్రులు నన్ను వదల్లేదు. క్లాసు అయ్యాక మెట్ల మీద నాకో చిన్న వైద్యశాల నడుస్తుంది. అందరిదీ ఒకటే ఫిర్యాదు, కంప్యూటర్ నత్తలా నడుస్తోందని. ఆపి మళ్ళీ పెట్టారా అంటే, రోజూ రాత్రి ఆపేస్తున్నామంటారు. కిటుకు అక్కడే ఉంది. ఇప్పటి విండోస్ కంప్యూటర్లలో చాలావాటిని షట్‌డౌన్ చేస్తే పూర్తిగా ఆగవు. మర్నాడు త్వరగా లేవడానికి లోపలి వ్యవస్థ స్థితిని దాచిపెట్టుకుని పడుకుంటాయి. దానితో పాటు పాత చిక్కులూ అలాగే ఉంటాయి. రీస్టార్ట్ నొక్కితేనే అన్నీ దులుపుకుని కొత్తగా మొదలవుతుంది. సగం రోగాలు దానితోనే పోతాయి. మిగతా సగంలో ఎక్కువ భాగం నిండిపోయిన డిస్కు, ఫ్యానులో పేరుకున్న దుమ్ము.

ల్యాప్‌టాప్ కీబోర్డు మీద టీ ఒలికిందా? తుడవడం తరువాత సంగతి. ముందు తీగ పీకండి, ఆపేయండి, బోర్లించండి. పనిచేస్తోందో లేదో చూద్దామని మాత్రం వెంటనే ఆన్ చేయకండి, చాలావాటి ప్రాణం తీసేది ఆ ఆత్రమే. బియ్యం డబ్బాలో పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. బియ్యం వండుకోండి. తెర మీద ఎర్రటి హెచ్చరిక వచ్చి, మీ కంప్యూటర్‌కు వైరస్ పట్టింది, ఈ నంబరుకు ఫోను చేయండి అంటే చేయవద్దు, అది దొంగల ఎర. పొరపాటున డబ్బు పోతే ఆ క్షణమే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయాలి, ఎంత త్వరగా చేస్తే తిరిగి వచ్చే అవకాశం అంత ఎక్కువ.

గ్రేడింగ్ రోజే ఒక ముచ్చట జరిగింది. ధ్రువపత్రాలు అచ్చు వేయాల్సిన ప్రింటర్ మొరాయించింది. ఇద్దరు తండ్రులు ఇరవై నిమిషాలు సాఫ్ట్‌వేర్ తీసి మళ్ళీ వేశారు. అప్పుడు నన్ను పిలిచారు. నేనూ తెరనే చూస్తూ మరో పది నిమిషాలు కుస్తీ పట్టాను. బల్ల కింద తీగ కొద్దిగా ఊడి ఉందని కనిపెట్టింది పక్కన నేల మీద కూర్చుని ఉన్న ఒక పాప. కరెంటు, తీగ, స్విచ్చి చూశాకే మిగతావి చూడాలని నేను అందరికీ చెప్పే మనిషినే మరి.

వచ్చే ఆదివారం నాకు మళ్ళీ పరీక్ష. ఈ నెల రోజులుగా తెల్లవారుజామున మా వాకిట్లో ముగ్గుపిండితో ఒక చుక్క పెట్టి, దాని మీద నిలబడి ఆ 21 కదలికలూ చేస్తున్నాను. కేక పెట్టాల్సిన చోట ఊపిరి మాత్రం వదులుతాను, వీధి నిద్రలేస్తుందని. మొదట్లో పాలు పోసే అబ్బాయి గేటు బయటే క్యాను పట్టుకుని బిక్కమొహం వేసేవాడు. ఇప్పుడు అలవాటైపోయి, నేను ఆగగానే వంగి చుక్క వైపు చూసి దూరం చెబుతున్నాడు. పోయిన వారం మూరెడు ఉండేది. ఈ ఉదయం "జానెడేనమ్మా" అన్నాడు.

నమస్కారం.