మక్కా మసీదు పేలుడు: మొదటి రోజు మాటను ఎంతవరకు నమ్మాలి?

యాంకర్: నమస్కారం. 2007 మే 18, శుక్రవారం. హైదరాబాద్ మక్కా మసీదులో, నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే వజూఖానా దగ్గర సెల్‌ఫోన్‌తో బాంబు పేల్చారు. తొమ్మిది మంది పోయారు. ఆ తర్వాత బయట పోలీసు కాల్పుల్లో ఇంకో ఐదుగురు. అప్పట్లో వార్తలు ఎలా నడిచాయి సార్?

సీనియర్ జర్నలిస్ట్: దర్యాప్తు మొదలవుతుండగానే హుజీ అనే ఇస్లామిక్ ఉగ్రవాద సంస్థ పేరు వచ్చేసిందండీ. చెప్పిందెవరయ్యా అంటే 'విశ్వసనీయ వర్గాలు'. మొహానికి ముసుగేసి ముస్లిం కుర్రాళ్లను కెమెరాల ముందు నిలబెడతారు. మర్నాటికి వాళ్లే 'కరుడుగట్టిన ఉగ్రవాదులు'. అనుమానితుడు అనే మాటే కనపడదు.

రిటైర్డ్ పోలీసు అధికారి: ఒక్కటి చెప్పనివ్వండి. అలాంటి రాత్రి పైనుంచి ఎంత ఒత్తిడి ఉంటుందో బయటివాళ్లకు తెలియదు. నిఘా సమాచారం అంతా విప్పి చెప్పలేం కూడా.

న్యాయవాది: నిఘా సమాచారం ఎవరడిగారండీ? కోర్టులో నిలబడే సాక్ష్యం అడుగుతున్నాం. ఆ కుర్రాళ్ల మీద పెట్టింది పేలుడు కేసు కూడా కాదు, వేరే కుట్ర కేసులు. మైనారిటీ కమిషన్ పంపిన న్యాయవాదికి, కొట్టారనీ కరెంటు షాకులిచ్చారనీ వాళ్లు చెప్పుకున్నారు. కేసులు నిలవలేదు. 2011లో ప్రభుత్వమే పరిహారం ఇచ్చింది. దాన్ని 2013లో హైకోర్టు కొట్టేసింది, అది వేరే బాధ.

యాంకర్: తర్వాత కేసు పూర్తిగా మలుపు తిరిగింది కదా?

న్యాయవాది: తిరిగింది. సీబీఐ, ఆపైన జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్‌ఐఏ హిందూ అతివాదులను నిందితులుగా చూపాయి. 2010 డిసెంబరులో వాళ్లలో ఒకరైన స్వామి అసీమానంద మేజిస్ట్రేటు ముందు నేరం ఒప్పుకుంటూ వాంగ్మూలం ఇచ్చారు, తర్వాత వెనక్కి తీసుకున్నారు. 2018 ఏప్రిల్ 16న నాంపల్లి కోర్టు సాక్ష్యాలు చాలవని ఆయనతో సహా విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ వదిలేసింది. తీర్పిచ్చిన జడ్జి అదే రోజు రాజీనామా చేశారు.

సీనియర్ జర్నలిస్ట్: ఇక్కడే గట్టిగా చెప్పాలి. మొదటిసారి ఒక వర్గంవాళ్లు సంబరపడ్డారు, రెండోసారి ఇంకో వర్గం. రెండుసార్లూ టీవీలో తీర్పు ముందే వచ్చేసింది. మనవాళ్ల మీద పడ్డప్పుడు సాక్ష్యం అడిగేవాళ్లం, అవతలివాళ్ల మీద పడ్డప్పుడు కూడా అడగాలి కదా!

రిటైర్డ్ పోలీసు అధికారి: అది ఒప్పుకుంటాను. చనిపోయినవాళ్ల ఇళ్లలో ఇప్పటికీ జవాబు లేదు.

యాంకర్: మరి ఇప్పుడు అడగాల్సిందేమిటి?

న్యాయవాది: ఛార్జిషీటులో ఉన్న ఇద్దరు, సందీప్ డాంగే, రామచంద్ర కల్సంగ్రా, ఆ తీర్పు నాటికీ దొరకలేదు. వాళ్ల కోసం వెతుకులాట ఎంతవరకు వచ్చిందో ఎన్‌ఐఏ చెప్పాలి. ఈ ప్రశ్న మీ ఛానల్ రేపే అడగొచ్చు.