గింజ వేసిన వారం రోజులు

అక్కలకు, అన్నలకు నమస్కారం. అనంతపురంలో పెరటితోట అనగానే ముందు నీళ్ల మాటే వస్తుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో వాన పడే ఊళ్లో అది మామూలే. నేను మాత్రం ఈ పూట ఎలుక గురించి మాట్లాడతాను. మా ఇంట్లో ఎండిపోయిన పాదుల కంటే అసలు మొలవని పాదులే ఎక్కువ మరి.

మూడేళ్ల కిందట బీర, సొర, గుమ్మడి కలిపి పన్నెండు పాదులు పెట్టాను. సాయంత్రం నీళ్లు పోసి పడుకున్నా. పొద్దున చూస్తే పాదు పాదుకూ వేలు దూరేంత గుంత, పక్కన చీలిన గుమ్మడి పొట్టు. మన్ను పెద్దగా చెదరలేదు, గింజ ఉన్నచోటే కొలిచినట్టు తవ్వింది. నేను ఉడుతను తిట్టుకున్నా. అంతకుముందు ఏడాది గింజలు మొలవలేదని అంగడికి పోయి గొడవ కూడా పడ్డాను, పాపం అంగడాయన తప్పేం లేదేమో.

మా అమ్మ ఒప్పుకోలేదు. "ఉడుత పగలు తిరిగేదిరా, ఇది రాత్రి పని" అని, మళ్లీ గింజలు వేసిన పాదుల చుట్టూ జల్లించిన బూడిద పలుచగా పరిచింది. తెల్లారేసరికి బూడిద మీద పెసరగింజంత అడుగులు, వాటి మధ్య తోక ఈడ్చిన సన్నని గీత. చిట్టెలుక! మీకూ అనుమానం ఉంటే ముందు బూడిద పరచండి. దొంగెవరో తెలియకుండా తలుపేసి లాభం లేదు.

గింజ ఎక్కడుందో దానికి వాసనే చెబుతుంది. తడి తగిలి ఉబ్బే గింజ వాసన, పైగా మనమే గుల్ల చేసిపెట్టిన మన్ను. గుమ్మడి, దోస, బీర గింజల్లో నూనె ఉంటుంది, చిక్కుడులో పప్పుంటుంది. అవే దానికి విందు. మన్ను మీద మల్చింగ్ షీటు అనే ప్లాస్టిక్ పట్టా పరిచి కర్బూజా, కలింగర పెట్టే రైతుల్ని అడగండి, ఒక్క రాత్రిలో వరసలు వరసలే ఖాళీ అయిన సంగతి చెబుతారు. అందుకే చాలామంది ప్రోట్రేలలో, అంటే చిన్న చిన్న గుంటలున్న ప్లాస్టిక్ ట్రేలలో, నారు పెంచి నాటుతున్నారు.

అయితే ఈ దొంగతనానికి గడువుంది. మొలక పైకొచ్చి ఆకులు విప్పుకున్నాక గింజలో తినడానికి ఏమీ మిగలదు. మనం కాపలా కాయాల్సింది ఆ వారం, పది రోజులే. ఆ గడువును ఇంకా తగ్గించొచ్చు. గింజల్ని రాత్రంతా నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, తెల్లటి మొలక కనబడగానే మన్నులో పెట్టండి. కాకర పెంకు గట్టిది కదా, కొస కొంచెం గీకితే త్వరగా మొలుస్తుంది.

ఇక జాలి. పావు అంగుళం కన్నుల ఇనుప జాలే కావాలి. అర అంగుళం జాలిలోంచి చిట్టెలుక సులువుగా దూరిపోతుంది, నేను వంద రూపాయలు పోగొట్టుకుని నేర్చుకున్నా. జాలిని బోర్లించిన బుట్టలా వంచి, అంచులు రెండు అంగుళాలు మన్నులోకి దించాలి. ఊరికే పైన పెడితే కింద తవ్వుకుని వస్తుంది. మొలక జాలికి తగలకముందే తీసేయండి. జాలి కొనలేనివాళ్లు ట్రేలో నారు పోసి, దండెం తీగకు వేలాడదీస్తే కొంత నయం. గోడకు మాత్రం ఆనకూడదు.

కారప్పొడి చల్లమని చాలామంది చెబుతారు. నేనూ చల్లాను. తుమ్ములు నాకొచ్చాయి, నీళ్లు పోయగానే కారం కొట్టుకుపోయింది.

మందు సంగతి గట్టిగా చెబుతాను. జింక్ ఫాస్ఫైడ్ నూకల్లో, నూనెలో కలిపి పెడతారు. అది కడుపులోకి పోయి విషవాయువు అవుతుంది, దానికి విరుగుడు లేదు. పైగా కొంచెం తిని బతికిన ఎలుక మళ్లీ ఆ ఎరను ముట్టదు. కోళ్లు, కుక్కలు, పిల్లలు తిరిగే పెరట్లో నాలుగు బీరపాదుల కోసం ఇంత టెన్షన్ ఎందుకు? బోను పెట్టుకోండి, వేరుశనగ గింజ ఎరగా చాలు. పెరట్లో కట్టెల కుప్ప, కంది కట్టె ఉంటే గింజలు వేసే ముందే దూరంగా జరపండి, ఎలుక కాపురం అందులోనే.

బయట బల్ల మీద మా ఇంటి జాలి బుట్ట పెట్టాను. కొలత తీసుకోండి. అంచులు గీసుకుంటాయి, చేతులు జాగ్రత్త.