బండికి హక్కు, మైకుకు సడలింపు

సభకు నమస్కారం. ఈ సాయంత్రం ఇక్కడ కూర్చున్నవారిలో సగం మంది బండి కట్టేసి వచ్చినవారు, మిగిలిన సగం మంది ఆ బండ్ల వెనుక ఇళ్లలో ఉండేవారు. ఇద్దరినీ ఒకే చోట కూర్చోబెట్టినందుకు నిర్వాహకులను ముందుగా అభినందిస్తున్నాను. న్యాయవాదిగా నేను చూసిన తగాదాల్లో ఈ రెండు పక్షాలూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నవి చాలా తక్కువ. ఒకరు కార్పొరేషన్‌కు అర్జీ పెడతారు. రెండోవారికి ఆ అర్జీ సంగతి లారీ వచ్చి బండిని ఎత్తుకుపోయిన రోజున తెలుస్తుంది.

నేను చెప్పదలచినది ఒక్కటే. వీధి వ్యాపారికి ఇచ్చే ధ్రువపత్రమూ, రాత్రిపూట ఆర్కెస్ట్రాకో డీజేకో ఇచ్చే అనుమతీ చూడడానికి ఒకే రకం కాగితాలుగా కనిపించినా, చట్టం దృష్టిలో అవి ఒక జాతివి కావు. మొదటిది ఇప్పటికే చేస్తున్న బతుకుతెరువును గుర్తించి, దానికి హద్దులు గీసేది. రెండోది ఒక నిషేధం నుంచి కొద్దిసేపు ఇచ్చే మినహాయింపు. మన ఊళ్లలో ఆచరణ మాత్రం తలకిందులుగా సాగుతోంది. ఇడ్లీ బండి ఆవిడ రాత్రి పదింటికి లాఠీ చప్పుడు విని పొయ్యి ఆర్పేస్తుంది; అదే వీధి చివర స్టేజీ మీది మైకు పన్నెండున్నరకు కూడా ‘మరొక్క పాట’ అంటూనే ఉంటుంది.

బండి సంగతి ముందు చూద్దాం. రోడ్డు ఉన్నది నడవడానికే కదా, అక్కడ అమ్మడం హక్కు ఎలా అవుతుందని చాలామంది అడుగుతారు. ఈ ప్రశ్నకు సుప్రీంకోర్టు 1989లో, ఢిల్లీలో కాలిబాట మీద దుస్తులు అమ్ముకునే సోదన్ సింగ్ కేసులో జవాబు చెప్పింది. వీధుల్లో వ్యాపారం చేసుకోవడం రాజ్యాంగంలోని 19(1)(జి) అధికరణం ఇచ్చిన వృత్తి స్వేచ్ఛలో భాగమేననీ, వీధులు రాకపోకలకు మాత్రమే అన్న ఒక్క కారణంతో దాన్ని తోసిపుచ్చలేమనీ, అయితే ఫలానా చోటే నాకు కావాలని పట్టుబట్టే హక్కు ఎవరికీ లేదనీ ఆ తీర్పు సారాంశం. ఈ చివరి మాటను బండ్లవారు, మొదటి మాటను బండ్లంటే పడనివారు గుర్తుపెట్టుకోవాలని నా మనవి. ఆ తరువాత 2010లో గైందా రామ్ కేసులో, ఈ వ్యవహారాన్ని అధికారుల దయాదాక్షిణ్యాలకు వదలకుండా చట్టం చేయమని అదే కోర్టు ప్రభుత్వాన్ని ఆదేశించింది. అలా వచ్చినదే 2014 మే 1 నుంచి అమలులో ఉన్న వీధి వ్యాపారుల చట్టం.

ఈ చట్టానికి గుండెకాయ సర్వే. అయిదేళ్లకు ఒకసారైనా ఊళ్లోని వీధి వ్యాపారులందరినీ లెక్కించాలి, లెక్కకు వచ్చినవారందరికీ చోటు చూపాలి. ఆ లెక్కకు పై హద్దు జనాభాలో రెండున్నర శాతం. 2011 జనాభా లెక్కల్లోనే విజయవాడ పది లక్షలు దాటింది కాబట్టి, ఆ పాత లెక్కన చూసినా పాతిక వేల మందికి మించి వీధి వ్యాపారులకు చోటు చూపవలసి రాగల ఊరు మనది. ఒక జోన్‌లో, అంటే వీధి వ్యాపారానికి కేటాయించిన ప్రాంతంలో, స్థలం చాలకపోతే లాటరీ తీయాలి, పేరు రానివారిని పక్క జోన్‌లో సర్దాలి. అంతేగాని పొమ్మనడం కుదరదు. సర్వే పూర్తయి ధ్రువపత్రాలు అందేదాకా ఎవరినీ ఖాళీ చేయించరాదని 3వ సెక్షన్ చెబుతోంది. ఈ ఒక్క వాక్యాన్ని అట్ట మీద రాసి బండికి వేలాడదీసుకోమని నా దగ్గరకు వచ్చేవారికి నవ్వుతూనే చెబుతుంటాను, కాని నిజంగా వేలాడదీసుకున్నా తప్పు లేదు.

హద్దులు గీసేది పట్టణ వెండింగ్ కమిటీ సిఫారసుతో. దానికి అధ్యక్షుడు కమిషనరే అయినా, సభ్యుల్లో 40 శాతానికి తగ్గకుండా వీధి వ్యాపారులే, అదీ తమలో తాము ఎన్నుకున్నవారే ఉండాలి. వారిలో మూడో వంతు మహిళలు. చట్టం మొత్తంలో నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఇది. తట్ట దించి కూర్చున్న మనిషికి ఏ మలుపులో ఎన్ని గంటలకు జనం వస్తారో, ఏ మూల వానాకాలంలో మురుగు పొంగుతుందో పటం చూసి చెప్పేవారికంటే బాగా తెలుసు. అయితే ఎన్నిక జరగని కమిటీ, ఏడాదికొకసారైనా కూర్చోని కమిటీ ఉన్నా లేనట్టే. మీ వార్డు సచివాలయంలో ప్లానింగ్ కార్యదర్శిని అడగవలసిన మొదటి ప్రశ్న, కమిటీ చివరిసారి ఎప్పుడు సమావేశమైంది, ఏం తీర్మానించింది అన్నదే.

బీసెంట్ రోడ్డు గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఈ ఊళ్లో ఈ చర్చ ఎక్కడ మొదలైనా చివరికి అక్కడికే వెళ్తుంది. పండగ ముందు రోజుల్లో ఆ రోడ్డులో భుజం భుజం ఒరుసుకోకుండా నడవలేమన్నది నిజం. కాని రద్దీ ఉన్నంత మాత్రాన ఒక ప్రాంతాన్ని వ్యాపార నిషేధ జోన్‌గా ప్రకటించకూడదని చట్టం మొదటి షెడ్యూలు స్పష్టంగా అంటోంది. కొత్తవారికి అక్కడ అనుమతి ఇవ్వకుండా ఆపవచ్చు, అంతే. చెత్త పేరు చెప్పి నిషేధించాలన్నా, ఆ చెత్తకు కారణం వీధి వ్యాపారులు మాత్రమేననీ, కార్పొరేషన్ తన పని తాను చేసినా అది తీరదనీ తేలాలి. జనం తమంతట తాము ఏళ్ల తరబడి అమ్మడానికీ కొనడానికీ చేరే చోటును చట్టం సహజ మార్కెట్ అంటుంది. అలాంటి మార్కెట్లో యాభై ఏళ్లు దాటి వ్యాపారం సాగుతూ వస్తే దాన్ని వారసత్వ మార్కెట్‌గా ప్రకటించాలి, అక్కడివారిని కదపకూడదు. బీసెంట్ రోడ్డు, కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల వీధులు ఈ లెక్కకు వస్తాయా రావా అన్నది పాత రసీదులూ పెద్దల వాంగ్మూలాలూ ముందు పెట్టుకుని కమిటీ తేల్చవలసిన విషయం. ఎవరూ అడగకపోతే ఎవరూ తేల్చరు.

రసీదంటే ఆశీలు గుర్తుకు వస్తుంది. రోజూ పొద్దున్నే, వసూలు హక్కును వేలంలో పాడుకున్న పాటదారు మనిషి వచ్చి డబ్బు తీసుకుని చించి ఇచ్చే ఆ చిన్న చీటీని సాయంత్రానికి పకోడీ పొట్లానికి చుట్టేస్తున్నారు. అది అనుమతి పత్రం కాదు, దాన్ని చూపించి బండి ఎత్తకుండా ఆపలేరు. కాని ఫలానా సంవత్సరం నుంచి ఫలానా చోట మీరున్నారని చెప్పే సాక్ష్యం చాలామందికి అదొక్కటే. దాచుకోండి. పదేళ్ల చీటీలను బిస్కెట్ డబ్బాలో పెట్టి తెచ్చిన ఒక పెద్దావిడ తరఫున వాదించడం నా వృత్తిలో నాకు దొరికిన తేలికైన పని.

అందరికీ అంత తేలిక కాదు. చాలా ఏళ్ల కిందట, పేరు చెప్పడం సబబు కాని ఒక కార్యాలయం సిబ్బంది ఒకాయన అరటిపళ్ల బండిని త్రాసుతో సహా పట్టుకుపోతే, ఆయన నాలుగు రోజులు తిరిగి బండిని తెచ్చుకున్నాడు. పళ్లు ఏమయ్యాయో మీరే ఊహించుకోండి. ఇప్పుడైతే 19వ సెక్షన్ ఉంది. స్వాధీనం చేసుకున్న సరుకుకు జాబితా రాసి సంతకంతో ఇవ్వాలి. పాడయ్యే సరుకును అడిగిన రోజునే, మిగిలినదాన్ని రెండు పని దినాల్లో, నిర్ణయించిన రుసుము తీసుకుని తిరిగి ఇవ్వాలి. ఖాళీ చేయించాలంటే 30 రోజుల నోటీసు ఉండాలి. జాబితా ఇవ్వకపోతే అక్కడే ఫోన్‌లో ఫొటో తీసుకోండి, గొడవ పడకండి.

బండ్లవారి బాధ్యతలను నేను దాటవేయడం లేదు. ఈ వ్యాపారం తానుగాని తన కుటుంబంగాని చేస్తామనీ, వేరే జీవనాధారం లేదనీ, ధ్రువపత్రాన్ని ఇంకొకరికి అద్దెకు ఇవ్వబోమనీ హామీ రాసి ఇచ్చాకే అది చేతికి వస్తుంది. పది బండ్లు కొని కుర్రాళ్లకు రోజువారీ అద్దెకు తిప్పే మనిషి ఈ చట్టం చెప్పే వీధి వ్యాపారి కాడు. ఆయన చేతికి పోయే ప్రతి చోటూ నిజమైన చిరు వ్యాపారి నోటి దగ్గరది. అలాంటివారిని యూనియన్లు వెనకేసుకు రావడం నాకు ఏనాడూ అర్థం కాలేదు. అలాగే, ఒకే కాలిబాటను వేళలు పంచుకుని వాడుకునే ఏర్పాటును చట్టమే గుర్తించింది: ఉదయం కూరగాయలు, రాత్రి టిఫిన్లు. తన వేళ ముగిశాక బండీ బల్లా గొడుగూ అన్నీ తీసేయాలి. బల్లను గొలుసుతో స్తంభానికి కట్టి పోవడం మనకు అలవాటైంది. పొద్దున్నే బడికి పోయే పిల్లలు రోడ్డు మీదికి దిగి నడవడానికి ఆ గొలుసే కారణం.

ఇక మైకు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు బహిరంగ ప్రదేశంలో లౌడ్‌స్పీకర్ వాడకూడదు. తలుపులు మూసుకున్న సభామందిరాల లోపలి శబ్దం లోపలికే పరిమితమైతే వేరే మాట. పైకప్పు లేని ఫంక్షన్ లాన్‌ను అలాంటి మందిరమనడం మాత్రం నా దృష్టిలో తెలివితేటలే తప్ప న్యాయం కాదు. పదింటి తరువాత అర్ధరాత్రి వరకు సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది, అదీ సాంస్కృతిక లేదా మతపరమైన పండగ సందర్భాలకు, ఏడాది మొత్తానికి 15 రోజులకు మించకుండా, ఆ రోజులేవో ముందుగా ప్రకటించి. ఇంద్రకీలాద్రి దసరా పది రోజులు, వినాయక నవరాత్రులు తొమ్మిది. ఈ రెండూ కలిపితేనే పదిహేను దాటిపోయాయి. కార్తీకమాసం, సంక్రాంతి, డిసెంబరు 31 రాత్రి ఇంకా లెక్కలోకే రాలేదు.

నివాస ప్రాంతంలో రాత్రి శబ్దం 45 డెసిబెళ్లు దాటకూడదు. ఇద్దరు మామూలుగా మాట్లాడుకుంటేనే 60 ఉంటుంది. ఆస్పత్రులు, బడులు, కోర్టుల చుట్టూ వంద మీటర్ల దాకా నిశ్శబ్ద మండలం కావచ్చు. సూర్యారావుపేటలో ప్రతి ఆస్పత్రి చుట్టూ ఆ వృత్తాలు గీస్తే ఒకదానిలో మరొకటి పడి పేట మొత్తం నిండిపోతుంది. కాని 2017 సవరణ తరువాత ప్రభుత్వం ప్రకటిస్తేనే అది నిశ్శబ్ద మండలం. ఆస్పత్రి ఉన్నంత మాత్రాన కాదు. ఈ మార్పు తెలియక బోర్డు పెట్టుకుని నిశ్చింతగా ఉన్నవారు చాలామంది.

ఈ నియమాలు ఎవరి ఆనందానికో అడ్డు తగలడానికి వచ్చాయనుకునేవారు 2005 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఎక్కడ మొదలైందో చూడాలి. పరిసరాల్లో మోగుతున్న లౌడ్‌స్పీకర్ హోరులో, అత్యాచారానికి గురవుతున్న ఒక పదమూడేళ్ల బాలిక కేకలు ఎవరికీ వినపడలేదన్న పత్రికా వార్త ఆ పిటిషన్‌కు మూలం.

అనుమతి ఇచ్చేచోట నాకు కనిపించే లోపం ఇది. వెండింగ్ కమిటీలో బండివారికి కుర్చీ ఉంది. రాత్రి కార్యక్రమానికి సడలింపు ఇచ్చేటప్పుడు ఆ మైదానం చుట్టూ నిద్రపోవలసినవారిని అడిగే చోటు ఎక్కడా లేదు. మైదానాన్ని అద్దెకు ఇచ్చేది ఒక శాఖ, మైకుకు అనుమతి ఇచ్చేది పోలీసు, తాత్కాలిక విద్యుత్ కనెక్షన్ మరొకరు. ఎవరి కాగితం వారిదే. మైదానం కార్పొరేషన్‌దైతే, అద్దె ఒప్పందంలోనే పదింటికి మైకు ఆగకపోతే డిపాజిట్ పోతుందని ఒక వాక్యం చేర్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు. ఆ వాక్యం చేర్చమని మన వార్డు తరఫున ఒక అర్జీ రాసి తెచ్చాను, కింద బల్ల మీద ఉంది. బండ్లవారూ ఇళ్లవారూ ఇద్దరూ సంతకం చేస్తే బాగుంటుంది. ఆ మైదానం బయట పదిన్నరకు టీ అమ్మే బండ్లకు ఆ రాత్రికి ప్రత్యేక వేళ ఇవ్వమని కూడా అందులోనే రాశాను, ఎందుకంటే సభ ముగిసి ఇళ్లకు పోయేవారికి టీ కావాలి, మైకు అక్కర్లేదు.

సర్వే మనుషులు మళ్లీ వచ్చినప్పుడు బండి దగ్గర మీరే ఉండండి, ఊరికి వెళ్లవలసి వస్తే ఇంట్లోవారిని నిలబెట్టండి, ఆధార్ కార్డూ ఆశీలు చీటీలూ చేతిలో ఉంచుకోండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.