బోరింగ్ మెషిన్ స్ట్రైక్ అలారం: కింద పనిచేసేవాళ్లకి వినపడుతుందా?

అందరికీ నమస్కారం. హైవే కింద, కాలువ కింద అడ్డంగా బోరు వేసి ఫైబర్, కేబుల్ లాగే హెచ్‌డీడీ మెషిన్లు ఒంగోలు, కావలి, నెల్లూరు వైపు మీరు చూసే ఉంటారు. ఈరోజు రివ్యూ ఆ మెషిన్‌కి ఉండే స్ట్రైక్ అలారం మీద.

ఇది పనిచేసే తీరు చెప్తాను. మెషిన్‌కి కొంచెం దూరంలో ఎర్త్ రాడ్ దిగ్గొట్టి వైరు కలుపుతారు. డ్రిల్ హెడ్ భూమిలో కరెంటు కేబుల్‌కి తగిలితే, ఆ కరెంటు డ్రిల్ రాడ్ల గుండా మెషిన్ బాడీకి వస్తుంది. వోల్టేజీ గానీ, రాడ్లలో కరెంటు గానీ పరిమితి దాటగానే హారన్ మోగుతుంది, లైటు వెలుగుతుంది. అంటే తగిలాక చెప్తుంది, తగలకుండా ఆపదు. ఇది మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి.

నాకు నచ్చింది టెస్ట్ బటన్. పని మొదలుపెట్టే ముందు రోజూ నొక్కి చూడాలి. ఎండాకాలంలో ఎండిపోయిన నేలలో ఎర్త్ రాడ్ సరిగ్గా పట్టదు, చుట్టూ నీళ్లు పోసి తడపండి.

నచ్చనిది హారన్. ఆపరేటర్ చెవిలో బాగానే మోగుతుంది. ఇంజిన్ ఫుల్లుగా నడుస్తుంటే రాడ్లు అందించే కుర్రాడికి, బోరులోకి పంపే బెంటొనైట్ మట్టి (మడ్) కలిపే మనిషికి వినపడుతుందా? మిట్టమధ్యాహ్నం ఎండలో ఆ లైటు కనపడుతుందా? అసలు ప్రమాదం వాళ్లకే ఎక్కువ. ఆపరేటర్ మొత్తం మెషిన్ మీదే ఉంటాడు, దానితో సమానమైన వోల్టేజీలో ఉంటాడు. కుర్రాడి కాళ్లు తడి నేల మీద, చెయ్యి ఇనుము మీద. కరెంటుకి అంతకంటే సులువైన దారి ఏముంటుంది! ఎలక్ట్రికల్ బూట్లు, గ్లవ్స్ ఆపరేటర్‌కే కొని ఊరుకునే కాంట్రాక్టర్లని చూస్తే నాకు కోపం వస్తుంది.

అలారం మోగితే ఆపరేటర్ కిందికి దిగకూడదు. రాడ్లని వెనక్కి లాగి కేబుల్ నుంచి హెడ్‌ని విడిపించే ప్రయత్నం చెయ్యాలి. కిందున్నవాళ్లు మెషిన్‌ని, రాడ్లని, మడ్ పైపుని ముట్టుకోకుండా, కాళ్లు దగ్గరగా పెట్టి చిన్నచిన్న అడుగులతో దూరం జరగాలి. అలారం ఆగిందని రావద్దు. ఫీడర్ (ఆ కరెంటు లైను) ట్రిప్ అయితే సబ్‌స్టేషన్‌లో మళ్లీ ఛార్జ్ చేస్తారు, అప్పుడు మళ్లీ షాక్ కొడుతుంది. 1912కి ఫోన్ చేసి, సప్లై ఆపేసి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైనులో కరెంటు లేదన్న అనుమతి) ఇచ్చామని కరెంటోళ్లు చెప్పేదాకా ఎవరూ దగ్గరికి పోకూడదు.

ఇక తవ్వకముందే చేసే పని ఉంది. తవ్వే సంగతి భూమిలో కేబుళ్లున్న సంస్థలకి ముందే తెలిపేందుకు 2023 మార్చిలో వచ్చిన ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్‌లో పని వివరాలు పెట్టండి. అయినా లైన్‌మ్యాన్‌ని పిలిచి, కేబుల్ ఉన్నచోట చేత్తో గొయ్యి తీయించి కళ్లారా చూడండి. రోడ్డు ఎత్తు పెంచినచోట కేబుల్ మీరనుకున్న దానికంటే లోతులో ఉంటుంది.

నా రేటింగ్ అయిదుకి మూడు. కొనేముందు ఇంజిన్ నడిపించి, హారన్ మోగించి, మడ్ ట్యాంకు దగ్గర నిలబడి వినండి. అక్కడికి వినపడకపోతే రెండో హారన్ పెట్టించుకోండి.