నల్ల అట్ట ఆల్బమ్, నా బేస్ గిటారు

సభకు నమస్కారం. అధ్యక్షులవారికి, ప్రిన్సిపాల్ గారికి, నన్ను గుర్తుపెట్టుకుని పిలిచిన మ్యూజిక్ క్లబ్ పిల్లలకు... మిగతా పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన పది నిమిషాలూ అందులోనే అయిపోతాయి, క్షమించాలి.

అమెరికా హెవీ మెటల్ బ్యాండ్, అంటే హోరెత్తించే రాక్ సంగీతం వాయించే బృందం, మెటాలికా. వాళ్ల నల్ల అట్ట ఆల్బమ్ అంతలా ఎందుకు ఆడింది, చెప్పమన్నారు. 1991 ఆగస్టు 12న వచ్చింది. అమెరికాలో మొదటి వారమే దాదాపు 6 లక్షల కాపీలు పోయాయి. నాలుగు వారాలు నంబర్ వన్. పాటల టీవీ ఛానెల్ ఎంటీవీ వల్ల అంటారు, పాటలు చిన్నవైనందువల్ల అంటారు. కాదనను. అంతకుముందు 1988 ఆల్బమ్‌లో ఒక పాట దాదాపు పది నిమిషాలు!

కానీ నేను చెప్పేది వేరు. ఇరవై రెండేళ్లు ఆర్కెస్ట్రాలో బేస్ గిటారు, అంటే పాటకి అడుగున మోగే లావు శబ్దం, వాయించినవాణ్ణి. పెళ్లి రిసెప్షన్లు, వినాయక చవితి పందిళ్లు. సింగర్ని అందరూ చూస్తారు, కీబోర్డు అతనికి చప్పట్లు కొడతారు. నన్ను మాత్రం ‘ఆ నాలుగు తీగలాయన’ అంటారు. తణుకు దగ్గర ఒక పెళ్లిలో గంటన్నర వాయించాక చూస్తే, నా వైరు, అందరి శబ్దాలూ కలిపి స్పీకర్లకి పంపే మిక్సర్‌కి గుచ్చనే లేదు! వెనకున్న నా సొంత స్పీకరు పెట్టె, ఆంప్‌లో నాకు వినపడుతోంది కదా, నాకూ తెలియలేదు. మావాళ్లెవరూ కనిపెట్టలేదు. పెళ్లికొడుకు మేనమామ ఒక్కడే వచ్చి, ‘ఇవాళ పాటలెందుకో పలచగా ఉన్నాయండీ, పప్పు తక్కువైన సాంబారులా’ అన్నాడు.

నవ్వకండి. మెటాలికా 1988 ఆల్బమ్ సరిగ్గా అదే సాంబారు. వాళ్ల బేస్ కళాకారుడు క్లిఫ్ బర్టన్ 1986లో స్వీడన్‌లో బస్సు ప్రమాదంలో పోయాడు. తర్వాత జేసన్ న్యూస్టెడ్ వచ్చాడు. పాపం, ఆల్బమంతా వాయించాడు. మిక్సింగ్‌లో అతని బేస్‌ని వినపడకుండా తగ్గించేశారు. ఆ బాధ నాకు తెలుసు.

అప్పుడు ఈ నల్ల అట్ట ఆల్బమ్‌కి బాబ్ రాక్ అనే నిర్మాత, అంటే రికార్డింగ్ దగ్గరుండి నడిపించే మనిషి, వచ్చాడు. అంతవరకూ ఎవరి ముక్క వాళ్లు విడివిడిగా రికార్డు చేసేవాళ్లని ఒకే గదిలో కలిపి వాయించమన్నాడు. లాస్ ఏంజిలిస్ స్టూడియోలో 1990 అక్టోబరు నుంచి 1991 జూన్ దాకా కూర్చున్నారు. పది లక్షల డాలర్ల ఖర్చు, మూడుసార్లు మిక్సింగ్. అందులో ‘శాడ్ బట్ ట్రూ’ అనే పాటకి తీగల శ్రుతి కిందకు దించారు. బేస్ పైకొచ్చింది, డ్రమ్ముతో కలిసి గుండెలో గుద్దింది. మెటల్ అంటే గోల అని ఛానెల్ మార్చేవాళ్లు ఆగింది అక్కడే అంటాను నేను.

అదే ఆల్బమ్‌లోని ‘నథింగ్ ఎల్స్ మ్యాటర్స్’ పాట గురించి కూడా చెప్పాలి. మొదట వచ్చే నాలుగు స్వరాలు మీటడానికి ఎడమచేతి వేళ్లే అక్కర్లేదు. కొత్తగా గిటారు పట్టిన ప్రతివాడూ దాన్ని మీటి ఇంట్లో వాళ్ల చెవులు కోసేది అందుకే. వెనక వాద్యబృందాన్ని మైకేల్ కేమన్ కూర్చాడు. అది ఇంకో పది నిమిషాల కథ.

అధ్యక్షులవారు చీటీ పంపారు. ఒక్క నిమిషం సార్. వెనక వరసలో ఫోన్లు చూసుకుంటున్న బాబులూ, ఛాతీ మీద చెయ్యి పెట్టుకోండి. మిక్సర్ దగ్గర కూర్చున్న నాయనా, ముందు ఆ 1988 పాట ఒక ముక్క పెట్టు, వెంటనే ‘శాడ్ బట్ ట్రూ’ పెట్టు. శబ్దం పెంచి తగ్గించే ఆ ఫేడర్లు మాత్రం ముట్టుకోకు.