403 వచ్చిందని 777 కొట్టేస్తే ఎలా?

యాంకర్: నమస్కారం అండీ. సైట్ ఓపెన్ చేస్తే 403 ఫర్బిడెన్, అంటే చూడ్డానికి అనుమతి లేదు అని రాగానే చాలామంది లినక్స్ సర్వర్‌లో సీహెచ్‌మాడ్ 777 కొట్టేస్తారు, అంటే ఫైల్స్ పర్మిషన్లు మార్చే కమాండ్. మేడమ్, అందులో తప్పేంటి?

అడ్మిన్: చదవడానికి 4, రాయడానికి 2, రన్ చెయ్యడానికి 1, కలిపితే 7. అది మూడుసార్లు ఇస్తే ఓనర్‌కీ గ్రూప్‌కీ సరే, ఆ మెషిన్‌లో ఉన్న ప్రతి యూజర్‌కీ ఇచ్చినట్టే కదండీ. ఏదో పాత ప్లగిన్‌లో కన్నం దొరికిందనుకోండి, అందులోంచి దూరినోడు మీ పీహెచ్‌పీ ఫైల్సే, అంటే సైట్ కోడే, తిరగరాసేస్తాడు.

డెవలపర్: నేనూ అదే చేశాను మేడమ్. ఉబుంటు 22.04లో సైట్‌ని హోమ్ ఫోల్డర్‌లో పెట్టా, ఫోల్డర్లు 755, ఫైల్స్ 644, అన్నీ కరెక్టే, అయినా 403, అర్ధరాత్రి దాకా కూర్చుని చివరికి సైట్ ఫోల్డర్ మొత్తానికి 777 ఇచ్చా, అయినా రాలేదు.

అడ్మిన్: రాదండీ. ఉబుంటు 21.04 నుంచి హోమ్ ఫోల్డర్ 750తో వస్తోంది, చివరి సున్నా అంటే ఓనర్, గ్రూప్ కాని మిగతావాళ్ళకి ఏమీ లేదని, అంటే వెబ్ సర్వర్ యూజర్ డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ డాటాని గుమ్మంలోనే ఆపేస్తుంది. ఫోల్డర్‌కి ఎక్స్, అదే ఇందాకటి 1, అంటే రన్ చెయ్యడం కాదు, దాన్ని దాటి లోపలికి వెళ్ళడం. దారిలో ఒక్క ఫోల్డర్‌కి అది లేకపోయినా అంతే. నేమ్‌ఐ హైఫన్ ఎల్ (namei -l) అని కొట్టి ఫుల్ పాత్ ఇవ్వండి, రూట్ నుంచి ఒక్కో మెట్టూ చూపిస్తుంది, ఎక్కడ ఆగిందో ఇట్టే తెలిసిపోద్ది. అసలు సైట్‌ని వార్ డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ (/var/www) ఫోల్డర్ కింద పెట్టుకుంటే ఈ గొడవే లేదు.

యాంకర్: మరి ఓనర్‌గా వెబ్ సర్వర్ యూజర్నే పెట్టేస్తే?

అడ్మిన్: వద్దు. కోడ్ ఎక్కించే యూజర్ ఓనర్, డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ డాటా గ్రూప్. సర్వర్‌కి చదవడం చాలు. అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో మాత్రం గ్రూప్‌కి రైట్ ఇవ్వండి, కానీ అక్కడ పీహెచ్‌పీ రన్ అవ్వకుండా కాన్ఫిగ్‌లో ఆపండి. డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న ఫైల్ 640.

డెవలపర్: అలా చేస్తే వర్డ్‌ప్రెస్‌లో అప్‌డేట్ బటన్ పనిచెయ్యదు మేడమ్, చిన్న సైట్ నడిపేవాళ్ళకి కష్టం.

అడ్మిన్: కష్టమే, ఒప్పుకుంటా. కమాండ్ లైన్‌లో ఓనర్ యూజర్‌తో అప్‌డేట్ చేసుకోవాలి. నేనైతే ఆ రెండు నిమిషాలు పెట్టమనే చెప్తా.

యాంకర్: కొత్త ఫైల్స్ పెట్టినప్పుడల్లా గ్రూప్ మారిపోతోందని చాలామంది అంటారు...

అడ్మిన్: ఫోల్డర్లకి ముందు 2 చేర్చండి, 2750 అలా. అప్పుడు లోపల కొత్తగా పుట్టే ఫైల్ ఆ ఫోల్డర్ గ్రూపే తీసుకుంటుంది. పాతవాటికి మాత్రం ఒకసారి ఓనర్, గ్రూప్ మార్చే సీహెచ్‌ఓన్ కమాండ్ కొట్టాల్సిందే.