నోటిఫికేషన్ పడిన మూడో వారం

(తెల్లవారుజాము. శ్రీకాకుళం ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్. మసక వెలుతురులో పరుగెత్తుతున్న కుర్రాళ్లు.)

టైం ఇంకా ఐదున్నర కాలేదు, గ్రౌండ్ అప్పుడే నిండింది. వీళ్లలో ఎక్కువమంది ఆర్మీ ర్యాలీకో, కానిస్టేబుల్ ఈవెంట్స్‌కో తయారవుతున్నవాళ్లే. పల్లెల్లో ఉన్నవాళ్లకి ఈ గ్రౌండ్ కూడా లేదు. రోడ్డు అంచే ట్రాక్.

ఉద్యోగాల నోటిఫికేషన్ పడిందంటే అందరి నోటా ఒకటే మాట, ఈవెంట్స్‌లో పరుగెత్తాల్సిన 1600 మీటర్లు. నిన్నటిదాకా కోచింగ్ సెంటర్లో కుర్చీ వదలని కుర్రాడు ఇవాళ్టి నుంచి రోజుకి ఐదు కిలోమీటర్లు మొదలుపెడతాడు. మూడో వారానికి ఇంట్లో వినిపించే మాట ఇది:

“ఏటి బావూ, కాలు ఈడుస్తన్నావేటి?”

“నరం పట్టేసిందమ్మా.”

బామ్ రాస్తారు, క్రేప్ బ్యాండేజీ చుడతారు, మర్నాడు మళ్లీ గ్రౌండే. నాలాంటి ఫిజియోథెరపిస్టు దగ్గరికి వచ్చేసరికి నడవడమే కష్టంగా ఉంటుంది. వస్తూనే, “సార్, కరెంటు పెట్టండి. పదిహేను రోజుల్లో ఈవెంట్స్!”

(ఫిజియోథెరపీ గది. మెషీన్ ఆఫ్ చేసి ఉంటుంది.)

కరెంటు పెడితే నొప్పి కాసేపు తగ్గొచ్చు. పిక్కకి బలం మాత్రం రాదు. అసలు మా పనిలో పెద్ద భాగం ఈ మెషీన్‌తో లేదు, నొప్పి రాకముందే ఉంది. కానీ నొప్పి లేకుండా మా గుమ్మం ఎవరు తొక్కుతారు చెప్పండి?

జరిగేది ఇది. పరుగులో ప్రతి అడుగుకీ మన బరువుకి రెండు మూడు రెట్ల భారం కాలి మీద పడుతుంది. 1600 మీటర్లలో అలాంటి అడుగులు వెయ్యికి పైనే. రెండు మూడు వారాల్లో ఆయాసం తగ్గుతుంది, దాంతో ధైర్యం వస్తుంది, దూరం పెంచేస్తాం. ఎముక మాత్రం అంత తొందరగా మారదు. కొత్త భారానికి తగ్గట్టు తనను తాను మరమ్మతు చేసుకోవడానికి దానికి నెలలు పడుతుంది. ఊపిరి సరే అంటుంది, మోకాలి కింద ఎముక కాదంటుంది. ఆ మూడో వారం నొప్పి అక్కడి నుంచే.

భారం కొద్దికొద్దిగా పెంచడం మన జిల్లావాళ్లకి కొత్త సంగతి కాదు. ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో రెండు రకాల లిఫ్టులూ కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. అంతంత బరువులు మొదటి రోజే బార్‌కి ఎక్కించలేదు కదా! పరుగులో దూరం కూడా అంతే, బార్ మీద ప్లేటు లాంటిది. ఈ వారం ఎంత ఎక్కించాలో చూసి ఎక్కించాలి.

“మేం ముందు స్ట్రెచింగ్ చేస్తాం సార్” అంటారు. చెయ్యండి, తప్పు లేదు. కానీ దాన్నే నమ్ముకోవద్దు. ఆస్ట్రేలియాలో 1538 మంది కొత్త సైనికుల మీద ఒక పరిశోధన జరిగింది, 2000లో అచ్చయింది. శిక్షణకి ముందు స్ట్రెచింగ్ చేసినవాళ్లకీ చెయ్యనివాళ్లకీ గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఫిట్‌నెస్ తక్కువున్నవాళ్లకే గాయాలు ఎక్కువ.

అందుకే ముందు కాలిని పరీక్షిస్తాం.

(ఇంటి మెట్టు మీద నిలబడిన కుర్రాడు.)

మెట్టు అంచున ఒంటికాలి మీద నిలబడి మడమ పైకెత్తి, మెల్లగా దించండి. ఇరవై లోపే కాలు వణికి ఆగిపోతే పిక్క ఇంకా పరుగుకి సిద్ధంగా లేదన్నమాట. మందు కూడా అదే, ఆ మడమలెత్తడమే. రెండు కాళ్లతో లేచి, ఒక్క కాలితో దిగండి, రోజు విడిచి రోజు. ఇదివరకు చీలమండ బెణికినవాళ్లు పళ్లు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడండి. ఒకసారి బెణికిన చోటే మళ్లీ బెణికే అవకాశం ఎక్కువ, తూలకుండా నిలిచే ఆ తూకం సాధనతోనే తిరిగి వస్తుంది.

తొడ వెనక కండకి ఇంకో కసరత్తు. మడతపెట్టిన బొంత మీద మోకాళ్లేసి నిటారుగా నిలబడాలి, స్నేహితుడు మడమలు గట్టిగా పట్టుకోవాలి. నడుం వంచకుండా, వీలైనంత మెల్లగా ముందుకి ఒరగాలి. పడిపోయేలా ఉంటే చేతులు ఆనించండి. వారానికి ఒకసారి, ఐదేసి చొప్పున రెండు సార్లతో మొదలుపెట్టండి. మర్నాడు మెట్లు దిగేటప్పుడు నన్ను తిట్టుకుంటారు, తెలుసు. కానీ ఫుట్‌బాల్ లాంటి ఆటల్లో ఈ ఒక్క కసరత్తుతో ఆ కండ గాయాలు దాదాపు సగం తగ్గినట్టు పరిశోధనల్లో తేలింది.

(కాలి ముందు ఎముకని వేలితో నొక్కి చూపిస్తూ.)

ఒక్క జాగ్రత్త. ఎముక పొడవునా సలుపు వేరు. “ఇదిగో, ఇక్కడే” అని ఒక్క వేలితో చూపించగలిగే నొప్పి వేరు. రెండోది, అందులోనూ రాత్రి పడుకున్నా బాధిస్తుంటే, పరుగు ఆపి ఎముకల డాక్టర్ని కలవండి. సన్నటి పగులు మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు. ఫిల్మ్ బాగుందని మర్నాడే గ్రౌండ్‌కి వెళ్లకండి.

(మళ్లీ గ్రౌండ్. గోడ దగ్గర ఒక కుర్రాడు.)

చీలమండ ఎంత వంగుతుందో చూద్దామని, బొటనవేలు గోడకి నాలుగు వేళ్ల దూరంలో పెట్టి, మడమ లేవకుండా మోకాలు గోడకి తాకించమన్నాను. కుడికాలు సులువుగా తాకింది. ఎడమకాలు తాకలేదు. రెండేళ్ల కిందట కబడ్డీలో బెణికిన కాలట, “అదెప్పుడో తగ్గిపోయింది సార్” అంటున్నాడు. ఈ వారం ఇతనికి రౌండ్లు సగమే, మిగతా టైమంతా ఈ గోడ దగ్గరే.